మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్

మార్చి 11, 1958

గాలి ఆగలేదు. ఈ పుస్తకంలో నేను వాన, మంచు, పందుల తూకం తప్ప ఏమీ రాయను. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, రాయడం నాకు చేతకాదు. కానీ ఈ రోజు జరిగింది ఎవరికి చెప్పినా తగాదా అవుతుంది. పుస్తకం తగాదా పడదు.

ఊళ్లోంచి మహిళా క్లబ్ వాళ్లు ముగ్గురు వచ్చారు. తెల్ల చేతితొడుగులు, టోపీలు. నా బూట్ల బురద చూసి ముగ్గురూ ఒకేసారి కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ముందు కూర్చున్నావిడ మిసెస్ వాల్టర్ ప్రూయిట్. బ్యాంకు ప్రూయిట్ భార్య. ఒమాహా పట్నం నుంచి వచ్చి పదేళ్లో పన్నెండేళ్లో అయింది. ఇప్పుడు ఆవిడే అధ్యక్షురాలు.

"మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్ ఉన్నారాండీ?" అంది.

"ఉంది. పడుకుంది. గుండె బాగాలేదు" అన్నాను.

"అయ్యో, లేపకండి. మీకే చెప్తాం. జూన్‌లో మన క్లబ్‌కి యాభై ఏళ్లు నిండుతాయి. ఆడవాళ్ల గది ముందు రాయి పెడుతున్నాం. క్లబ్ పెట్టిన ఏడుగురి పేర్లూ దాని మీద చెక్కిస్తాం. ఆ ఏడుగురిలో ఇప్పుడు బతికున్నది మిసెస్ బ్రోడర్సెన్ ఒక్కరే! మొదటి పేరు ఆవిడదే. ఆ రోజు వేదిక మీద కూర్చోబెట్టి పూలగుత్తి ఇస్తాం."

"మంచిది" అన్నాను. ఆ ఒక్క మాటే.

క్లబ్ పెట్టింది డాగ్మార్ కాదు. అప్పటికి డాగ్మార్ డెన్మార్క్‌లో పదిహేనేళ్ల పిల్ల. పెట్టింది నా మొదటి భార్య. ఆవిడ పోయి నలభై అయిదేళ్లు. పోయిన రెండేళ్లకు డాగ్మార్‌ను చేసుకున్నాను. ఇవన్నీ ఒమాహా మనిషికి ఎలా తెలుస్తాయి? ఆ క్లబ్‌లో ఏ ఆడదానికీ సొంత పేరు రాయరు. మొగుడి పేరుకు ముందు మిసెస్ తగిలిస్తారు, అంతే. డాగ్మార్ చేరిన రోజున కొత్తగా రాసుకోవాల్సిన పని కూడా లేకపోయింది. మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్ అక్కడ అప్పటికే ఉంది.

నేను అబద్ధమేమీ ఆడలేదు. మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్ ఉందా అని అడిగారు. ఉంది, పడుకుంది అన్నాను.

మార్చి 12

డాగ్మార్‌కు చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది. సంతోషంతో మాట రాలేదేమో.

మార్చి 14

గాలి. వాన జాడ లేదు.

మార్చి 17

సంతోషం కాదు.

పొద్దున కాఫీ తీసుకెళ్తే కప్పు పట్టుకోలేదు. "అది నేను కాదు నీల్స్" అంది.

"ఏది?"

"ఏదో నీకు తెలుసు. నేను ఈ ఇంటికొచ్చేసరికి ఆవిడ మంచం ఉంది, ఆ మంచం మీదే పడుకున్నాను. ఆవిడ గిన్నెల్లో వండాను. ఆవిడ పిల్లకి జడలేశాను. ఇప్పుడు ఆవిడ చేసిన పని కూడా నేనే చేశానని వెళ్లి వేదికెక్కి కూర్చోవాలా?"

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"ఆ గదిలో నలభై ఏళ్లు చాకిరీ చేశావు. ఒక్క పూలగుత్తికి కూడా నోచుకోలేదా నువ్వు?"

"నా చాకిరీకి ఇమ్మను, తీసుకుంటాను. ఆవిడ ధైర్యానికి నాకెందుకు? నువ్వు వెళ్లి చెప్పిరా."

గుండె మనిషి. ఆవేశపడకూడదని డాక్టరు చెప్పాడు. సరే వెళ్తాలే అన్నాను.

ఆ ధైర్యం ఏమిటో కూడా రాసేస్తాను. అప్పట్లో శనివారం పల్లెల నుంచి అందరం గుర్రబ్బళ్ల మీద ఊళ్లోకి వచ్చేవాళ్లం. మగవాళ్లకు గింజల కొట్టు దగ్గర పని. ఆడవాళ్లకు కూర్చునే చోటు లేదు, పోయే చోటు లేదు. ఎండైనా చలైనా బండి మీదే. మా అమ్మాయి ఇంగాకు అప్పుడు మూడో నెల. ఇంగా తల్లి ముతక దుప్పటి కప్పుకుని, బజారు మధ్యలో, బండి మీదే పాలిచ్చింది. నాకు కొట్టు దగ్గర ఆలస్యమైంది.

మరుసటి వారం ఆవిడ ఇంకో ఆరుగురిని వెంటేసుకుని ఊరి పెద్దల సభలోకి వెళ్లింది. అందరి చంకల్లో పిల్లలు. ముందు వరసలో కూర్చున్నారు. ఆకలేసి పిల్లలందరూ ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. లేచి వెళ్లమంటే, వెళ్లడానికి చోటెక్కడుంది, చూపించండి, అక్కడికే వెళ్తాం అందట. చీకటి పడేలోపు మంటలార్పే బండి పెట్టే కొట్టం వెనకాల గది వాళ్ల చేతికొచ్చింది. అక్కడ పొయ్యి, ఊగే కుర్చీలు, ఒక మంచం వేసుకున్నారు. ఆ గది కోసం పెట్టుకున్నదే క్లబ్. చెట్లు నాటడాలు, గ్రంథాలయాలు అన్నీ తర్వాతివి.

నన్ను మాత్రం ఊరంతా ఏడాది పాటు ఏడిపించారు. మీ ఆవిడ సైన్యం ఎలా ఉంది నీల్స్, పాలు తాగిందా అని.

మార్చి 22

ఊళ్లోకి వెళ్లాను. ప్రూయిట్ ఇంటి ముందు కారు లేదు. ఇంట్లో ఎవరూ లేనట్టే అనిపించింది. కొట్టు దగ్గర కాసేపు కూర్చుని వచ్చేశాను. రాయి మీద నా పేరు పడుతోందని అక్కడ అందరికీ తెలిసిపోయింది. నేనే చెప్పాను.

ఏప్రిల్ 6

ఈస్టరు. ఇంగా వచ్చింది. యాభై నిండబోతోంది, అయినా ఇంట్లో అడుగు పెట్టగానే గిన్నె మూతలన్నీ ఎత్తి చూస్తుంది. డాగ్మార్ లేచి బల్ల దగ్గర కూర్చుంది. రాయి మాట మళ్లీ వచ్చింది.

"ఇందులో గొడవేముందమ్మా?" అంది ఇంగా డాగ్మార్‌తో. "పేరొకటే కదా. మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్. ఆవిడకీ సరిపోతుంది, నీకూ సరిపోతుంది."

"ఒక చొక్కాలో ఇద్దరం దూరాలా?"

"నాన్నకి మటుకు బాగా సరిపోయింది ఆ చొక్కా. కొట్టు దగ్గర వేసుకుని తిరుగుతున్నాడట."

ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నా పేరు నేను చెప్పుకుంటే తప్పేమిటి?

"ఆ శనివారాల్లో నీకు కొట్టు దగ్గర ఏం పనుండేది నీల్స్?" అంది డాగ్మార్. "గింజలు తూకం వేయించి వచ్చినవాళ్ల దగ్గర బీరు వాసన ఎందుకొచ్చేదో ఆ గదిలో ఎవరికీ అంతుపట్టేది కాదు."

ఇంగా బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నేను పందులకు మేత వేయడానికి వెళ్లాను. మేత అప్పటికే వేసి ఉంది.

తిరిగొచ్చేసరికి ఇంగా ఒక్కతే గిన్నెలు కడుగుతోంది. "మా అమ్మ ఎలా ఉండేది నాన్నా?" అంది.

"పొడుగ్గా ఉండేది" అన్నాను.

"ఇంకా?"

మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పి వెళ్లి పడుకున్నాను.

ఏప్రిల్ 19

డాగ్మార్‌కు ఊపిరి అందలేదు. డాక్టరు వచ్చాడు. సూది వేశాడు.

ఏప్రిల్ 20

కొంచెం నయం.

ఏప్రిల్ 21

మొక్కజొన్నకు దున్నాలి. కౌలు కుర్రాడు రాలేదు. రాకపోతే పోయాడు, నాకూ ఓపిక లేదు. మంచం దగ్గర కూర్చున్నాను. కళ్లు తెరిచి, "వెళ్లొచ్చావా?" అంది. ఎక్కడికని అడగలేదు నేను.

ఏప్రిల్ 29

వెళ్లొచ్చాను. ఈసారి కారు కనపడిందా లేదా అని చూడలేదు, తలుపు కొట్టాను.

మిసెస్ ప్రూయిట్ నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి కేకు పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుంటే మనిషి లేవలేడు, పోట్లాడలేడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇద్దరు పెళ్లాలు, ఒకరి తర్వాత ఒకరు. క్లబ్ పెట్టింది మొదటావిడ. మీరు పూలగుత్తి ఇవ్వబోయేది రెండోదానికి.

ఆవిడ ముఖం తెల్లబోయింది. "రాయి చెక్కేశారండీ" అంది.

"చెక్కితే చెక్కారు. పక్కన ఆవిడ సొంత పేరు వేయించండి. ఏ మిసెస్ బ్రోడర్సెనో జనానికి తెలియాలి కదా."

"సొంత పేరా?" అని గొంతు తగ్గించింది. "బ్రోడర్సెన్ గారూ, మన దగ్గర సొంత పేరు వేసేది మొగుణ్ణి వదిలేసిన వాళ్లకండీ. మీ మొదటి భార్యకి అలా వేస్తే మీరు విడాకులు తీసుకున్నారనుకోరూ?"

"నేను పూడ్చిపెట్టానమ్మా ఆవిణ్ణి."

"నాకు తెలుసండీ. చదివేవాళ్లకి తెలియదు కదా. పైగా ఒకరికి వేస్తే మిగతా ఆరుగురి పిల్లలూ మా అమ్మ పేరు ఏదంటూ వచ్చి కూర్చుంటారు. అయినా మీకొచ్చిన నష్టం ఏముంది? రాయి మీద ఉన్నది మీ పేరే కదా?"

కేకు తిన్నాను. లేవబోతూ, "మీ పేరేంటమ్మా?" అన్నాను.

"మిసెస్ వాల్టర్..."

"అది మీ ఆయన పేరు."

ఆవిడ ఎర్రబడిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసింది, బయట ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు. "లోయిస్" అంది. "ఈ ఊరొచ్చాక ఎవరూ అడగలేదు."

మే 1

కుదరదన్నారని డాగ్మార్‌కు చెప్పాను. "అయితే నేను రాను" అంది. నాకు కోపం వచ్చింది. రాయి ఎవరిదైతే నాకేం? యాభై ఏళ్ల నాటి గోల. నాకు అక్కర్లేదు. ఎవరి పేరైనా వేసుకోనీ. నాకు అక్కర్లేదు.

మే 2

అక్కర్లేదు.

మే 18

వాన. ఎట్టకేలకు. మొలకలకు సరిపోతుంది. నాకు లేచి గుమ్మంలో నిలబడి చూసే ఓపిక కూడా లేకపోయింది. కప్పు మీద చప్పుడు విన్నాను.

జూన్ 9

డాగ్మార్ నీలం గౌను తీసి ఇస్త్రీ చేస్తోంది. మధ్యలో ఆగి కుర్చీలో కూర్చుంటోంది, మళ్లీ లేస్తోంది. "శనివారం వస్తాను" అంది. "వేదిక మీద కూర్చోను, ఊపిరాడదు. తలుపు దగ్గర నీ పక్కన కూర్చుంటాను."

చివరికి మనసు మార్చుకుంది. మంచిదే.

జూన్ 14

రాయలేను ఈ రోజు. కాళ్లు లాగేస్తున్నాయి.

జూన్ 15

నిన్నటిది రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. ఆడవాళ్లు ముందు, మొగుళ్లం వెనక. అందరి చేతులకూ తొడుగులు. చప్పట్లు కొడితే పరుపు దులిపినట్టు చప్పుడు. రాయి వేదిక మీదే ఉంది, గుడ్డ తీసి పెట్టారు. గంభీరంగా, బాగుంది రాయి. అన్నిటికన్నా పైన నా పేరు. రెండుసార్లు చదువుకున్నాను.

మిసెస్ ప్రూయిట్ హాజరు పిలిచింది. క్లబ్ పెట్టినవాళ్లను ముందు పిలిచింది. మిసెస్ ఒట్టో హాగెమన్. అందరూ తల వంచారు, పోయింది కనుక. మిసెస్ పీటర్ లున్. తల వంచారు. అలా ఆరుగురు అయ్యారు. ఆ తర్వాత గొంతు పెంచి, "మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్!" అంది.

పరుపులు దులిపారు. అందరూ వెనక్కి తిరిగి మా వైపు చూశారు. డాగ్మార్ లేవలేదు. ఒడిలో సంచీ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్నావిడ టోపీ చూస్తూ కూర్చుంది.

"సిగ్గుపడుతున్నారు" అని నవ్వింది మిసెస్ ప్రూయిట్. "మిసెస్ నీల్స్ బ్రోడర్సెన్!"

"లే" అన్నాను నేను మెల్లగా. "ఒక్క నిమిషం నిలబడి కూర్చో. అయిపోతుంది."

"పిలిచింది నన్ను కాదు."

"పరువు పోతుంది డాగ్మార్."

"ఆవిణ్ణి పిలుస్తున్నారు. ఆవిడ రాదని నువ్వు చెప్పు."

ఇందుకు వచ్చిందన్నమాట. చప్పట్లు తగ్గిపోయాయి. ఎవరో దగ్గారు. డాగ్మార్ ఊపిరి నాకు వినపడుతోంది, ఈల వేసినట్టు. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే ఈ మనిషి ఇక్కడే పోతుందనిపించింది. లేచి నిలబడ్డాను.

"ఆవిడ రాదు" అన్నాను. "పోయింది. పంతొమ్మిది వందల పదమూడులో, విషజ్వరంతో. ఆవిడ వేరు, ఈవిడ వేరు. ఇద్దరూ నా భార్యలే. క్లబ్ పెట్టింది ఆవిడ. ఈవిడ ఆ తర్వాత వచ్చి నలభై ఏళ్లు ఆ గదిలో పొయ్యి వెలిగించింది, మీ అందరి పిల్లల గుడ్డలూ ఉతికింది. కానీ పెట్టింది ఈవిడ కాదు, తనే చెప్తోంది. ఇక ఆ పైన చెక్కింది నా పేరు. నేను ఆ గదిలో కాలు పెట్టలేదు. ఒక్క కుర్చీ మోయలేదు. నా పేరు అక్కడెందుకు?"

హాగెమన్ కొడుకు వెనక నుంచి, "మా నాన్న పేరూ ఉందక్కడ. క్లబ్ మాటెత్తితే ఆయన కంచం విసిరేసేవాడు" అన్నాడు. మగవాళ్లందరూ గొల్లున నవ్వారు. ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు.

మిసెస్ ప్రూయిట్ చేతిలో కాగితం మడిచేసింది. నేను తిడుతుందనుకున్నాను. "మరి ఆవిడ పేరేమిటండీ?" అంది.

నోరు తెరిచాను. గొంతులో కఫం అడ్డం పడింది. ఇంగా ఉంటే చెప్పేది, ఇంగా వెనక వంటగదిలో కాఫీ పోస్తోంది. డాగ్మార్‌కు తెలుసు. ఆ టోపీనే చూస్తోంది. హాలంతా నా నోటి వైపే చూసింది. కూర్చుండిపోయాను.

ఎవరో లేచి ఈ విషయం కమిటీకి పంపుదామన్నారు. ఇంకెవరో అవునన్నారు. చేతులెత్తారు. రాయి మీద మళ్లీ గుడ్డ కప్పారు. కాఫీ ఇచ్చారు. డాగ్మార్ రెండు ముక్కలు కేకు తింది. దారి పొడవునా ట్రక్కులో నిద్రపోయింది.

గొంతులో కఫమే. పెద్దవాళ్లకు ఉండేదే.

జూన్ 24

ఇంగా కబురు తెచ్చింది. కమిటీలో పెద్ద గొడవే జరిగిందట. సగంమంది రాయి అలాగే ఉంచాలన్నారు. మిసెస్ ప్రూయిట్ లేచి, రాయి వెనక్కి తిప్పి రెండో వైపు ఆ ఏడుగురి సొంత పేర్లూ చెక్కిద్దాం అందట. మొగుళ్ల పేర్లు గోడ వైపు ఉంటాయి. రెండు ఓట్లతో నెగ్గింది.

"నెగ్గాక తెలిసింది అసలు సంగతి" అంది ఇంగా. "పేర్లు ఎవరికీ తెలియవు. పుస్తకాల్లో అన్నీ మిసెస్ ఫలానానే. పిల్లలేమో అమ్మ అనేవాళ్లం అంటారు. సరే, సమాధుల దగ్గర చూద్దామని వెళ్లారు పాపం, ఎండలో, ఆ టోపీలతో. అక్కడా 'ఒట్టో హాగెమన్, అతని భార్య' అనే ఉందట."

డాగ్మార్ పడుకునే నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

"మా అమ్మ రాయి మీద కూడా అంతేనా నాన్నా?" అంది ఇంగా.

అంతే. నేనే వేయించాను. అందరూ అలాగే వేయించేవాళ్లు.

జూలై 3

ఎండ. మొక్కజొన్న మోకాలెత్తు. డాగ్మార్ లేవడం లేదు.

మధ్యాహ్నం లోయిస్ ప్రూయిట్ ఒక్కతే వచ్చింది. చేతితొడుగులు లేవు. మంచం పక్కన కూర్చుని, "మీరు ఆ గదిలో నలభై ఏళ్లున్నారు కదా. వాళ్లు ఒకళ్లనొకళ్లు ఏమని పిలుచుకునేవాళ్లు?" అని అడిగింది.

"గదిలోకి మగవాళ్లు రారు కదమ్మా" అంది డాగ్మార్. "అక్కడ మిసెస్‌లు ఎందుకుంటాయి? పేర్లే."

దిండు ఎత్తుగా పెట్టమంది. పెట్టాను. ఒక్కొక్క పేరూ చెప్పింది, మధ్య మధ్య ఊపిరి కోసం ఆగుతూ. హాగెమన్ భార్య ఫ్రీదా, నవ్వితే పొయ్యి మీద కెటిల్ కదిలేది. లున్ భార్య ఆగ్నెటా. మిల్లు వాళ్ల సోఫీ, ఎప్పుడూ ఏడుస్తూ వచ్చేది, ఎప్పుడూ నవ్వుతూ వెళ్లేది. కార్లైన్. ఐర్లండ్ పిల్ల బ్రిడ్జెట్, వంటింటి కత్తెరతో అందరికీ జుట్టు కత్తిరించేది. ఆఖరున చాలాసేపు కళ్లు మూసుకుని, "హుల్డా" అంది. "ఆవిడ నేనొచ్చిన ఏడాదే పోయింది. హుల్డానే. ఖాయం."

లోయిస్ రాసుకుంది. "మీ పేరు కూడా వేయిస్తామండీ కింద. నలభై ఏళ్లు..."

"వద్దు. నేను తర్వాత వచ్చినదాన్ని."

"ఆరే అయ్యాయి" అంది లోయిస్. "మొదటి పేరు?"

"అది నేను చెప్పకూడదు" అంది డాగ్మార్. "ఆయన్ని అడుగు."

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. డాగ్మార్ తొందర పెట్టలేదు. నేను కుర్చీ లాక్కుని మంచానికి అవతలి పక్క కూర్చున్నాను. డాగ్మార్ చేయి పట్టుకున్నాను, చల్లగా ఉంది.

చెప్పాను. లోయిస్‌కు వినపడలేదు. మళ్లీ చెప్పాను.

మారెన్.